అటు అక్కయ్య గొంతు

ఆ ఉదయం కంప్యూటరు తెర అడుగున ఉండే చిన్న ఇంటర్నెట్ గోళం గుర్తు మీద ఎర్రని అడ్డగీత పడి ఉండటం చూసినప్పుడు ట్రంకాల్ పిన్నికి కలిగింది కంగారు కాదు, కోపం. లైను పోవడమంటే ఆవిడ లెక్కలో ఎవరో ఎక్కడో తమ పని సక్రమంగా చేయలేదని అర్థం. ఉద్యోగ జీవితమంతా టెలిఫోన్ ఎక్స్చేంజిలో బోర్డు ముందు గడిపిన మనిషి. లైను దానంతటది పోదనీ, పోగొట్టిన చెయ్యి ఒకటి తప్పకుండా ఉంటుందనీ ఆవిడ నమ్మకం. ఆ చెయ్యి తన వీధిలో కాక కంపెనీవాళ్ళ వీధిలో ఉంటుందన్నది ఆ నమ్మకంలో ఒక భాగం.

పదకొండు గంటలకు ఆ తెర మీద ఒక ముఖం కనిపించవలసి ఉంది. ఆ ముఖాన్ని పిన్ని ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం తోడబుట్టినవాళ్ళ గొంతుకంటే బాగా ఎరుగును. నదికి అవతలి నగరంలో, ఊరికీ ఊరికీ మాట కలిపే ట్రంకు లైనుకు ఆ చివర కూర్చుని, పిన్ని ఈ చివర కూర్చున్నంత కాలమూ పనిచేసిన ఆవిడ గొంతు అది. లైను మీద ఉద్యోగులు పేర్లు చెప్పుకోవడం నియమాలకు విరుద్ధం కనుక పిన్ని ఆవిడను అటు అక్కయ్య అనేది. ఆవిడ పిన్నిని చెల్లీ అనేది. అంతకుమించిన పరిచయం జరగలేదు, అంతకుమించిన దగ్గరతనమూ పిన్నికి ఎవరితోనూ కుదరలేదు.

ఇప్పుడు ఆ గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కదని వైద్యులు తేల్చారు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో చేరాలి, మర్నాడు ఆపరేషను. ఆ తరువాత అక్కయ్య ఉంటుంది, తింటుంది, కోప్పడుతుంది, నవ్వుతుంది. మాట మాత్రం ఉండదు. ఈ సంగతి తెలియజేసింది ఆవిడ కోడలు. పాత ఉద్యోగుల సంఘాన్ని పట్టుకుని పిన్ని చిరునామా సంపాదించి, గొంతు ఉండగా మాట్లాడవలసినవాళ్ళలో అత్తగారు మొదట చెప్పింది మిమ్మల్నేనని కబురు పంపింది.

మామూలు ఫోనులో ఒకసారి ప్రయత్నించారు. ఏళ్ళ తరబడి హెడ్‌సెట్ మోసిన పిన్ని చెవుల్లో ఎడమది పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. చెవిమిషను ఫోనుకు ఆనిస్తే కీచుమంటుంది, తీసేస్తే ఏమీ వినపడదు. ఆ ప్రయత్నం కాస్తా రెండు వైపులా "ఆఁ? ఆఁ?" అనుకోవడంతో ముగిసింది. కంప్యూటరుకు తగిలించే పెద్ద హెడ్‌ఫోనులో, శబ్దం పూర్తిగా పెంచుకుంటే మాత్రం, పిన్నికి మాట మాటగా చేరుతుంది. అందుకని పదకొండు గంటల ఏర్పాటు. ఇంతలో ఎర్రగీత.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. పిన్ని, ఆవిడ మరదలు. తమ్ముడు పోయిన తరువాత మరదలు తన కుట్టుమిషను పట్టుకుని వచ్చి ముందుగదిలో దుకాణం పెట్టుకుంది. బడిపిల్లల యూనిఫారాలు, కిటికీ తెరలు, సోఫా తొడుగులు కుడుతుంది. కంప్యూటరు కూడా ఆమెదే, కొత్త నమూనాలు చూసుకోవడానికి కొన్నది. సొత్తు మరదలిది, పెత్తనం వదినగారిది. అందరికంటే ముందు లేచి దాన్ని తుడిచి తెరిచేది పిన్ని. రాత్రి భోజనానికి ముందు ఆఖరున మూసేదీ పిన్నే. ఆ సమయాల్లో ఎవరూ దాని దరిదాపులకు పోకూడదు. "వదిన డ్యూటీలో ఉంది" అని మరదలు గుడ్డ కత్తిరించుకుంటూ నవ్వుకునేది తప్ప, ఆ డ్యూటీ ఏమిటని ఎన్నడూ అడగలేదు.

డ్యూటీ అన్న మాట పిన్నికి హాస్యం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడను ఒక పొడవాటి హాలులోకి తీసుకుపోయారు. గోడ మొత్తం బోర్డు. బోర్డు మొత్తం జాకులు, అంటే తీగ మొన దూర్చే చిన్న చిన్న రంధ్రాలు. ప్రతి రంధ్రం నెత్తిన బియ్యపుగింజంత దీపం. ఊళ్ళో ఎవరు రిసీవరు ఎత్తినా ఇక్కడ ఒక గింజ వెలుగుతుంది. చూస్తుండగానే అక్కడొకటి, ఇక్కడొకటి, మళ్ళీ పైన రెండు. ఒక్కొక్క వెలుగు వెనుకా ఒక మనిషి చెవి దగ్గర రిసీవరు పెట్టుకుని తన జవాబు కోసం నిలబడి ఉన్నాడన్న సంగతి తట్టగానే ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. సూపర్వైజరమ్మ వెనుకనుంచి భుజం మీద చెయ్యి వేసి, బోర్డు కరవదు, కూర్చోమంది. కూర్చుంది. ఆ ఆశ్చర్యం మాత్రం పదవీ విరమణ దాకా ఆవిడను వదలలేదు.

నగరంతో మాట కలపడానికి అప్పట్లో ఉన్న ట్రంకు లైన్లు చేతివేళ్ళకన్న తక్కువ. ఎదురుచూసేవాళ్ళు బారులు బారులు. పురుడు వచ్చినా, ప్రాణం పోయినా, సరుకు కుళ్ళిపోయినా వంతు వచ్చేదాకా ఆగవలసిందే. ఒక తీగ మీద ఒక్క సంభాషణే నడుస్తుంది. అందుచేత శిక్షణలో ఇచ్చిన నియమావళిలో రెండు కట్టడలు నల్లని అక్షరాలతో అచ్చువేసి ఉండేవి. సంభాషణ నడుస్తుండగా ఉద్యోగి వినరాదు. సంభాషణ ముగిసిన తీగను క్షణమైనా జాకులో ఉంచరాదు. మొదటిది మర్యాద, రెండవది న్యాయం. నువ్వు దించడం మరిచిన తీగ ఇంకెవరి ఇంటి కబురుకో అడ్డం. పిన్ని ఈ రెండింటినీ నిప్పులా పాటించింది.

ఇన్నేళ్ళలో అటు అక్కయ్య గొంతును పిన్ని గంటల తరబడి విన్న రోజు ఒక్కటే ఉంది. నది మీద వంతెన కూలిన రోజు. వంతెన పొడుగునా వేసిన లైన్లన్నీ దానితోపాటే నీళ్ళలో పడ్డాయి. కొండల వెనుకగా చుట్టు తిరిగి వచ్చే పాత లైను ఒక్కటి మిగిలింది. ఊరు ఊరంతా ఎక్స్చేంజి గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. తనవాళ్ళు ఒడ్డెక్కారా లేదా అని ప్రతివాడూ ఒక్క నిమిషం అడుగుతున్నాడు. అంతమందికి ఆ ఒక్క లైను మీద నిమిషాలెక్కడివి? అప్పుడు అటు అక్కయ్యే ఉపాయం చెప్పింది. ఎవరికీ లైను ఇవ్వవద్దు. తాను ఆసుపత్రినుంచి వచ్చిన పేర్లు చదువుతుంది, చెల్లి వాటిని గుమ్మం దగ్గరకు అందించాలి. ఉన్నవారు, లేనివారు. ఒక్కొక్క పేరూ రెండుసార్లు, తప్పు వినే అవకాశం లేకుండా. పొద్దువాలేదాకా ఆవిడ చదువుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది కాని ఆగలేదు, తొట్రుపడలేదు. లేనివారిలో చదివిన పేర్లలో ఒకటి ఆవిడ సొంత తమ్ముడిదని పిన్నికి చాలా రోజుల తరువాత వేరేవాళ్ళ వల్ల తెలిసింది. దాన్ని కూడా ఆవిడ రెండుసార్లే చదివింది, మిగిలినవాటిలాగానే.

ఆ మాట ఆ తరువాత వాళ్ళిద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. లైను మీద సొంత మాటలు కూడవు. అనవలసిన మాట అనకుండానే పిన్ని పదవీ విరమణ చేసింది, అక్కయ్యా చేసింది. ఆపైన ఎక్స్చేంజినే మూసేశారు. ఒక పట్టణం సుఖదుఃఖాలన్నీ దాటిపోయిన ఆ బోర్డును తూకానికి అమ్మేశారు. అమ్మేముందు ఒక్క ఫోటో తీయాలన్న బుద్ధి ఒక్క అధికారికీ పుట్టలేదు. కార్యాలయం గోడకు పదవిలో ఉన్నవాళ్ళ ఫోటోలు మాత్రం వరసగా వేలాడుతూనే ఉన్నాయి.

కనుక పదకొండు గంటలంటే పిన్నికి రెండు సంగతులు. ఆ గొంతు వినాలి. ఇన్నేళ్ళుగా నోట్లోనే ఉండిపోయిన ఆ మాట, జవాబు చెప్పడానికి అవతల గొంతు ఉండగానే అనాలి.

మరదలు కత్తెర పక్కన పెట్టి వచ్చి కంప్యూటరును ఆపి మళ్ళీ తెరిచింది. ఎర్రగీత పోలేదు. గోడకున్న ఇంటర్నెట్ పెట్టెను ఆపింది, తెరిచింది. పెట్టె మీది ఆకుపచ్చ దీపాలు బుద్ధిగా వెలిగాయి. తెర మీది గీత అలాగే ఉంది. తలనొప్పికి కూడా మనిషిని ఒకసారి ఆపి తెరిస్తే బాగుండునని మరదలు గొణిగింది. పిన్ని కాలుగాలిన పిల్లిలా గది ఈ మూలనుంచి ఆ మూలకు తిరిగింది.

కంపెనీకి ఫోను చేశారు. మరదలు తన పాత మీటల ఫోనును స్పీకరులో పెట్టి, వినపడిన ప్రతి మాటనూ పిన్ని కుడిచెవిలో అప్పగించే బాధ్యత తీసుకుంది. మొదట ఒక రికార్డు గొంతు వచ్చింది. మీ కాల్ మాకెంతో విలువైనదన్నది. ఆపైన సంగీతం పెట్టింది. మళ్ళీ విలువైనదన్నది, మళ్ళీ సంగీతం. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. దీపం వెలిగాక ఊపిరి తీసి వదిలేలోపు జవాబు ఇవ్వకపోతే సంజాయిషీ రాయించిన కాలం ఆవిడది. విలువైన మనిషిని గుమ్మంలో నిలబెట్టి పాట వినిపించే మర్యాద ఎవరు కనిపెట్టారో, వాళ్ళ తలుపు ముందు వాళ్ళనే నిలబెట్టాలని శపించింది. మరదలు ఈ శాపాన్ని ఫోనులోకి అప్పగించకుండా జాగ్రత్తపడింది.

చివరకు ఒక అమ్మాయి పలికింది. గొంతులో అలసట ఉన్నా మర్యాద ఉంది. ఆపి తెరిచారా అని అడిగింది. తెరిచారు. పెట్టె దీపాలు వెలుగుతున్నాయా? వెలుగుతున్నాయి. వైరు పెట్టే ఉందా? ఈ ప్రశ్న మరదలు నోటివెంట రాగానే పిన్ని మొహం ఎర్రబడింది. తీగ పెట్టడం తనకు నేర్పుతారా? తీగ పొద్దున్నే, స్వయంగా తన చేత్తో పెట్టిందని చెప్పమంది. మరదలు అదే చెబుతూ, మా వదిన పెట్టిన వైరుకు తిరుగుండదమ్మా, ఆవిడ పుట్టిందే వైర్లలో అని సొంతంగా ఒక ముక్క చేర్చింది.

"మధ్య ఎక్స్చేంజివాళ్ళు మాటలు కలపకూడదే. ఇటు చెప్పింది అటు, అటు చెప్పింది ఇటు. అంతే నీ పని" అని పిన్ని మరదలిని గదమాయించింది.

అవతలి అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు తరువాత ఆమె గొంతులో ఎవరో రాసిపెట్టింది చదువుతున్న తీరు తగ్గింది. సరే అమ్మా, లైను ఎంతవరకు బాగుందో ఒక్కొక్క మజిలీ చూసుకుంటూ పోదామంది. ముందు యంత్రం తనను తాను పిలుచుకోవాలి. పలికితే, గోడకున్న పెట్టెను పిలవాలి. అదీ పలికితే, వీధి అవతల కంపెనీ యంత్రాన్ని పిలవాలి. పలకని చోట తెగినట్టు.

పిన్ని కుర్చీ అంచున నిటారుగా కూర్చుంది. ఎక్స్చేంజిలో లైను పోయినప్పుడు వాళ్ళు చేసిందీ ఇదే. మొదట మన బోర్డు మనకు పలుకుతోందా, తరువాత పక్క ఊరు, ఆ తరువాత దానికి పక్క ఊరు. కాకపోతే యంత్రం తనను తానే పిలిచి, నేను నాకు వినపడుతున్నానా అని అడిగి చూసుకుంటుందన్న సంగతి ఆవిడకు కొత్త. అమ్మాయి చెప్పిన అంకెలను మరదలు కుట్టుకొలతల్లా పొల్లుపోకుండా కొట్టింది. నల్లని తెర మీద వరసగా జవాబులు దిగాయి. యంత్రం తనకు తాను వినపడుతోంది. ఈ పరీక్ష మనుషులకు కూడా పెడితే చాలామంది తేలిపోతారని పిన్ని అంది. ఈసారి పెట్టెను పిలిచారు. జవాబు లేదు. మళ్ళీ పిలిచారు. చేరలేకపోతున్నానని తెర రాసింది.

అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. లోపం కంపెనీ దగ్గర లేదు, వీధిలో లేదు. కంప్యూటరుకూ గోడకున్న పెట్టెకూ మధ్య ఉంది. ఆ గదిలోనే.

పిన్ని గదిని ఒకసారి చుట్టూ చూసింది. ఇస్త్రీ బల్ల, గుడ్డ తానులు, కుట్టడం పూర్తికాని కిటికీ తెర, రెండు కుర్చీలు. పోగొట్టిన చెయ్యి ఈ గదిలో ఎక్కడ దాక్కుంటుంది?

మరదలు బల్ల కిందకు దూరి కంప్యూటరు వెనక్కి చూసింది. వైరు దూరే చోట చిన్న దీపాలు ఉండాలట. రెండూ ఆరిపోయి ఉన్నాయి. వైరు తీసి మళ్ళీ పెట్టండి, టక్కుమని శబ్దం రావాలి అంది అమ్మాయి. తీసి పెట్టింది. శబ్దం రాలేదు. మళ్ళీ పెట్టింది. రాలేదు. టక్కు లేదని మరదలు బల్ల కిందినుంచి ప్రకటించింది.

పిన్ని ఫోను దగ్గరకు వంగి, తానే నేరుగా మాట్లాడింది. టక్కు సంగతి తనకు తెలియదు, ఆ చెవి తనకు లేదు. తీగ మాత్రం రోజూ పొద్దున ఎలా పెడుతుందో ఇవాళా అలాగే పెట్టానంది. ఆ తరువాత వచ్చిన ప్రశ్నను మరదలు బల్ల కిందినుంచి, తానూ ఆశ్చర్యపోతూ అందించింది.

"రోజూ పొద్దున పెట్టడమేమిటని అడుగుతోంది వదినా. రోజూ తీస్తారా అని."

"తియ్యకపోతే ఎట్లా? మన పని అయిపోయాక తీగ దించెయ్యాలి కదా. వీధిలో ఇంతమంది ఉన్నారు. మన తీగ పెట్టి ఉంచితే వాళ్ళకు లైను ఎక్కడినుంచి వస్తుంది?"

బల్ల కింద మరదలు నవ్వబోయి, వదిన ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో హాస్యం లేదు. కంప్యూటరు ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ ప్రతి సాయంత్రం, మోకాళ్ళ నొప్పితో బల్ల కిందకు వంగి, ఎవరో తెలియని పొరుగువాళ్ళు మాట్లాడుకోవాలని ఆవిడ ఆ తీగ దించుతూ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ చెప్పమనలేదు. దించి దించి, తీగ మొన మీద ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయింది, పట్టు వదులైంది. ఆ సాకెట్టు దానితోనే అరిగింది. ఇన్నాళ్ళూ ఎలాగో వేలాడి పనిచేసి, ఈ ఉదయమే మొరాయించింది.

అమ్మాయి కూడా నవ్వలేదు. పిన్ని ఎక్కడ పనిచేసేదని అడిగింది. ఎక్స్చేంజి అని విన్నాక, మా దగ్గర కారణాలు చాలా రాసి ఉంటాయమ్మా, ఇది మాత్రం ఎక్కడా లేదు అంది. తరువాత, తొందరపడకుండా, మరదలు ఒక్కొక్క వాక్యం అందించడానికి ఆగుతూ చెప్పింది. ఇప్పటి తీగలో లైను ఎవరిదీ కాదు. మీరు ఒక మాట అంటే యంత్రం దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్క మీదా అది ఎవరికి చేరాలో, వరసలో ఎన్నోదో రాసి వదులుతుంది. మీ ముక్క వెనకే, అదే తీగలో, పక్కింటివారి ముక్క పోతుంది. దాని వెనక ఎక్కడిదో ఏ ఊరిదో ఇంకొకటి. ఒక ముక్క ఒక దారిన, మరొకటి మరో దారిన పోయినా పోవచ్చు. అవతల యంత్రం వాటిని వరసగా పేర్చి మళ్ళీ మాట చేస్తుంది. అంతా రెప్పపాటులో.

"ఎంతమందివి పోతాయి తల్లీ, ఒక్క తీగలో?"

"లెక్క కట్టలేమమ్మా. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగక్కర్లేదు."

పిన్ని కుర్చీలో వెనక్కి వాలి, గోడ వెంట పాకివచ్చిన ఆ సన్నని తీగను చూస్తూ ఉండిపోయింది. దుమ్ముపట్టి, ఒకచోట మేకుకు చుట్టుకుని, కుట్టుమిషను కాలి వెనకగా పోయే ఆ తీగలో ఈ క్షణాన ఎవరి ఏడుపు పోతోందో, ఎవరి పెళ్ళి నిశ్చయమవుతోందో, ఏ బిడ్డ అక్షరాలు దిద్దుతోందో; అన్నీ ముక్కలై, ఒకదాన్నొకటి తోసుకోకుండా, ఒకరి మాట ఒకరికి చేరకుండా, ఎక్కడెక్కడివో తిన్నగా అక్కడికే పోతున్నాయి. బోర్డు ముందు కూర్చునే మనిషి లేదు. తీగ దించే చెయ్యి అక్కర్లేదు. వినకూడదని కట్టడి చేయవలసినవాళ్ళే లేరు. కూలిన వంతెన నాడు గుమ్మం ముందు నిలబడిన జనం ఆవిడ కళ్ళకు కట్టారు. ఈ తీగ ఆనాడు ఉండి ఉంటే, వాళ్ళలో ఏ ఒక్కరూ ఎండలో నిలబడేవారు కాదు. ఆ పేర్లు ఒక్క గొంతు మోయవలసి వచ్చేది కాదు. ఆవిడకు ఒళ్ళు జలదరించింది. సంతోషమా, బాధా అంటే చెప్పడం కష్టం. కొండ ముందు నిలబడ్డ మనిషికి కలిగే భావం అది.

కొత్త వైరు పంపిస్తాం, రేపటికి చేరుతుంది అంది అమ్మాయి. రేపు ఎవరికి కావాలి? సామాను దుకాణం తెరిచేది మధ్యాహ్నం. అప్పటికి అటు అక్కయ్య ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. మరదలు వైరు మొనను వేలితో కొంచెం పైకి ఎత్తి నొక్కింది. దీపాలు వెలిగాయి. వేలు తీసింది. ఆరిపోయాయి. కాలరులకు వేసే బక్రం ముక్క మడిచి సందులో దోపింది. వెలిగింది, సంతోషించేలోగా ఆరింది. మళ్ళీ బొటనవేలు పెట్టింది. వెలిగింది, నిలిచింది.

ఆ వేలు అలాగే ఉంచి మళ్ళీ మజిలీలు పిలిచి చూద్దామంది అమ్మాయి. ఈసారి మీటలు నొక్కింది పిన్ని. గోడ పెట్టె పలికింది. కంపెనీ యంత్రం పలికింది. సముద్రాలకు అవతల ఉందన్న ఒక యంత్రాన్ని పిలవమంది. పిలిచింది. వేలు మీట మీదినుంచి లేచేలోగా జవాబు తెర మీద ఉంది. మళ్ళీ మళ్ళీ జవాబు. నది అవతలికి మాట చేర్చడానికే ఒకప్పుడు ఊరూరి ఉద్యోగినులను బతిమాలుకుని అరపూట గడిపిన పిన్ని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ అక్షరాలను చూసింది. ఎవరో పలికారు, అంత దూరంనుంచి, వెంటనే, విసుక్కోకుండా అంది.

అమ్మాయి ఫోను పెట్టేసేముందు, మీ అక్కయ్యగారు బాగుండాలని చెప్పింది. అక్కయ్య సంగతి ఆ అమ్మాయికి ఎలా తెలిసిందని పిన్ని అడిగితే, మధ్య ఎక్స్చేంజి అయిన మరదలు బల్ల కింద ఇంకొంచెం లోపలికి జరిగింది.

పదకొండయింది. మరదలు బల్ల కింద నేల మీద గుడ్డ పరుచుకుని, తల బల్లకు తగలకుండా వంచి, బొటనవేలు తీగ మొన మీద పెట్టుకుని కూర్చుంది. పిన్ని హెడ్‌ఫోను తగిలించుకుంది. తెర మీద ఒక వంటిల్లు కనిపించింది, అందులో కోడలిది కాబోలు ఒక చెయ్యి, ఆ చెయ్యి పక్కకు తొలగగానే ఒక ముఖం. బక్కపలచని ముఖం, తెల్లని జుట్టు, గట్టి గడ్డం, మెడ చుట్టూ మెత్తని గుడ్డ. పిన్ని మనసులో ఆ గొంతుకు ఎప్పుడూ ఒక బొద్దు మనిషి ఉండేది. ఇన్నేళ్ళ ఆ బొద్దు మనిషి ఒక్క క్షణంలో మాయమై, ఈవిడ ఉండిపోయింది.

"మాట్లాడండి, లైనులో ఉన్నారు" అంది పిన్ని.

సరిగ్గా అదే క్షణాన అవతలినుంచీ అదే వాక్యం వచ్చింది. రెండు లైన్లు కలిపాక ఉద్యోగిని పలికే ఆఖరు వాక్యం. అది పలికాక నోరు మూసుకుని పక్కకు తప్పుకోవాలి. ఇద్దరూ అలాగే తప్పుకున్నారు. ఇద్దరూ ఎవరో మాట్లాడతారని ఎదురుచూస్తూ తెరకు ఇరువైపులా మౌనంగా కూర్చున్నారు. ఉద్యోగ జీవితంలో వాళ్ళు అందరినీ కలిపారు. కలిపాక మాట్లాడవలసినవాళ్ళు తామే అయిన కాల్ వాళ్ళకు ఎప్పుడూ రాలేదు.

బల్ల కిందినుంచి మరదలు కంగారుగా పిన్ని మోకాలి మీద తట్టింది. "వదినా, దీపం వెలుగుతూనే ఉంది. మాట్లాడవేం?"

అటు అక్కయ్య ముందు నవ్వింది. ఆ నవ్వు గీరుకుపోయి, గాలి ఎక్కువ మాట తక్కువగా ఉంది. కాని అదే. పిన్ని కుడిచెవి దాన్ని పట్టుకుంది. ముక్కలై, ఏ దారులు తిరిగి వచ్చిందో, ఒక్క ముక్క తప్పకుండా అదే గొంతై చెవిలో నిలిచింది.

పిన్ని ఇక ఆలస్యం చేయలేదు. వంతెన కూలిన రోజు మీ తమ్ముడి పేరు చదివారని నాకు తరువాత తెలిసింది అక్కయ్యా, అప్పుడే అనవలసింది, అనలేకపోయాను అంది. ఆపైన ఏమనాలో ఆవిడ సిద్ధం చేసుకున్న వాక్యాలు కొన్ని ఉండేవి. ఒక్కటీ రాలేదు.

అటు అక్కయ్య మెడ గుడ్డ సర్దుకుంది.

"రెండుసార్లూ సరిగ్గా వినపడిందా చెల్లీ?"

"వినపడింది అక్కయ్యా. స్పష్టంగా."

"వణికిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. వణికితే, వినేవాళ్ళు పేరు తప్పు వింటారు కదా."

"వణకలేదు. ఒక్క అక్షరం కూడా."

అవతల ఆవిడ కళ్ళు మూసుకుని తల ఊపింది. చాలాకాలంగా ఎక్కడో తెరిచి ఉంచిన ఒక తలుపును ఎవరో మెల్లగా చేరవేసినట్టు ఆవిడ భుజాలు దిగాయి. పిన్ని ఆ ముఖాన్ని చూసింది. తమ్ముడి మరణాన్ని ఊరంతటికీ రెండుసార్లు చదివి, ఆ తరువాత ఇన్ని ఏళ్ళూ ఈవిడ తన దుఃఖం గురించి కాక, తన ఉచ్చారణ గురించి బెంగపెట్టుకుంది. లోకంలో గొప్పవాళ్ళని పుస్తకాలు చెప్పేవాళ్ళ సంగతి పిన్నికి చాలా తెలుసు. ఇటువంటి మనిషి వాటిలో ఎందుకు లేదో తెలియలేదు.

తరువాత అటు అక్కయ్య మాట్లాడింది. గొంతు ఎంతసేపు నిలుస్తుందో తెలియదు కనుక మాట దాచుకోమని కోడలు వెనుకనుంచి అంటూనే ఉంది. దాచుకుని ఏం చేసుకోను, రేపటికి పనికిరాదుగా అని ఆవిడ వంటింటి కుళాయి గురించి చెప్పింది. ఆ కుళాయి కారుతోందట. బాగుచేసేవాడు వచ్చి, చూసి, ఏదో బిగించి పోయాడట. వాడు వీధి మలుపు తిరగగానే మళ్ళీ మొదలట. కింద గిన్నె పెడితే చప్పుడు, గుడ్డ పెడితే తడి. పిల్లి వచ్చి ఆ చుక్కలను పంజాతో పట్టుకోబోతుందట. కోడలు పిల్లిని తిడుతుంది, పిల్లి కుళాయిని తిడుతుంది అంది. మధ్యలో గొంతు తెగిపోతే ఆగి, నీళ్ళు గుక్క మింగి, వదిలిన చోటినుంచే అందుకుంది. పిన్ని ఒక్క మాట కూడా అడ్డం రానివ్వలేదు. ఇన్నేళ్ళూ వినకూడని మనిషి, ఇప్పుడు ప్రతి అక్షరమూ విన్నది. కుళాయి గురించి, దానిలోపలి రబ్బరు బిళ్ళ గురించి, ఆ బిళ్ళ దొరకని దుకాణాల గురించి. ఆ బిళ్ళ ఎక్కడా దొరకకుండా ఉంటే బాగుండుననిపించింది.

కారు వచ్చిందని కోడలు చెప్పింది. అటు అక్కయ్య, వెళ్ళొస్తాను చెల్లీ అని చెయ్యి ఎత్తింది. తెర మీది వంటిల్లు నల్లబడింది.

మరదలు బల్ల కిందినుంచి మెల్లగా బయటకు వచ్చి నేల మీదే చతికిలపడింది. బొటనవేలు తెల్లగా పాలిపోయి, తీగ మొన అచ్చు దాని మీద చదరంగా పడి ఉంది. రెండో చేత్తో దాన్ని రుద్దుకుంటూ వదిన ముఖంలోకి చూసింది. ఆమెకు ఒకవైపు మాటలే వినపడ్డాయి, అవీ ఆఖరున లేవు.

"ఇంతసేపూ ఏం చెప్పింది వదినా?"

పిన్ని హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వాళ్ళ కుళాయి కారుతోందటే" అంది. పిన్ని మరదలి వైపు వంగి, ఆమె బొటనవేలు తన చేతుల్లోకి తీసుకుని, రక్తం తిరిగి వచ్చేదాకా రుద్దుతూ, ఆ కుళాయి సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.